మిట్టమధ్యాహ్నపు నేరం: ఇటాలియన్ నోయిర్‌లో మోహం, రహస్యం



ఈ స్మారకోపన్యాసానికి అంశం మీరే ఎంచుకోండి అని నిర్వాహకులు అన్నప్పుడు నేను ఎక్కువ ఆలోచించలేదు. మనం ఎవరి పేరిట ఇక్కడ చేరామో ఆ మాస్టారికి నేరకథలంటే ప్రాణం. హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రం ఆయనలో ఎప్పుడూ కనిపించేది కాదు. చంపేంత కోరిక ఈ మనిషిలోకి ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా అని అడిగేవారు. ఆ ప్రశ్నను సూటిగా వేసిన సినిమాలు ఇటలీలో 1943 నుంచి 1959 దాకా కొన్ని వచ్చాయి. వాటిలో నాలుగింటిని తీసుకుంటాను. మొదటి రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, క్షమించాలి. అంత సరుకు వాటిలోనే ఉంది.

నోయిర్ అనగానే మనకు అమెరికన్ సినిమాలే గుర్తొస్తాయి. వానకు తడిసిన వీధి, కిటికీ పట్టీల నీడలు పడ్డ గోడ, టోపీ కిందికి లాక్కున్న డిటెక్టివ్, నమ్మించి ముంచే అందగత్తె. ఆ తరహా సినిమాలకు ఆ పేరు ఖాయం చేసింది 1946లో పారిస్‌లో రాసిన విమర్శకుడు నీనో ఫ్రాంక్. ఆయన పుట్టింది ఇటలీలోని బార్లెత్తాలో. ఆయన ఆ వ్యాసం రాయడానికి మూడేళ్ళ ముందే లుకీనో విస్కోంతి తన మొదటి సినిమా ‘ఒస్సెస్సియోనే’ విడుదల చేశాడు. అందులోనూ మోహం, హత్య, బీమా డబ్బు, పోలీసుల నీడ అన్నీ ఉన్నాయి. కాకపోతే కథలో చాలా భాగం పట్టపగలు, పో నది మైదానంలో, దుమ్ము లేచే రోడ్డు మీద నడుస్తుంది. దాక్కోవడానికి చెట్టు నీడ కూడా దొరకని చోట ఇద్దరు మనుషులు ఒక రహస్యాన్ని మోస్తూ తిరుగుతారు.

ఈ సినిమా ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి. విస్కోంతిది మిలన్‌లో పేరుమోసిన ప్రభువంశం. యౌవనంలో పందెపు గుర్రాలు పెంచాడు. 1936లో ఫ్రాన్సు వెళ్ళి జాన్ రెన్వార్ దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. అమెరికన్ రచయిత జేమ్స్ ఎం. కెయిన్ 1934లో రాసిన ‘ద పోస్ట్‌మన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్’ నవలకు టైపు చేసిన ఫ్రెంచి అనువాదం విస్కోంతి చేతికి ఆ రెన్వార్ ద్వారానే వచ్చింది. మొదట విస్కోంతి ఇటాలియన్ రచయిత వెర్గా కథ ఒకటి తీద్దామనుకున్నాడు. దొంగల కథలు వద్దని ప్రభుత్వ శాఖ తిప్పికొట్టింది. అప్పుడు ఈ నవల ఎత్తుకుని, కాలిఫోర్నియా రోడ్డు పక్క హోటల్ని తెచ్చి పో నది గట్టున పెట్టాడు. హక్కులు కొనలేదు. అప్పటికి ఇటలీ అమెరికాతో యుద్ధంలో ఉంది. ఆ హక్కుల చిక్కు వల్లే 1970లు సగం గడిచేదాకా అమెరికాలో ఈ సినిమా ఆడలేదు.

స్క్రిప్టు రాసినవాళ్ళు ‘సినెమా’ అనే పత్రిక చుట్టూ చేరిన కుర్రవాళ్ళు: మారియో అలికాతా, జుసెప్పె దె సాంతిస్, జానీ పుచ్చీని. ఆ పత్రిక సంపాదకుడు ఎవరనుకున్నారు? విత్తోరియో ముస్సోలీని, నియంత సొంత కొడుకు. ఆ నీడలోనే కూర్చుని ఈ కుర్రవాళ్ళు రహస్యంగా కమ్యూనిస్టు పార్టీ పని చేస్తున్నారు. 1942 డిసెంబరులో అలికాతాను అరెస్టు చేశారు. 1944లో విస్కోంతినీ పట్టుకుపోయారు.

ఫాసిస్టు ప్రభుత్వానికి నేరవార్తలంటే గిట్టేది కాదు. దేశం ఆరోగ్యంగా ఉంది, కుటుంబం చల్లగా ఉంది, భార్యలు భర్తల్ని చంపరు. పత్రికల్లో హత్యల వార్తలు చిన్న అక్షరాల్లోకి కుదించుకుపోయాయి. 1929లో మొందదోరి సంస్థ పసుపు అట్టలతో మొదలుపెట్టిన డిటెక్టివ్ నవలల వరస కూడా యుద్ధకాలంలో ఆగిపోయింది. అలాంటి దేశంలో ఒక పూటకూళ్ళ హోటలు యజమాని భార్య, దారిన పోయే కుర్రాడితో కలిసి మొగుణ్ణి చంపిందని చూపించడమే రాజకీయం. సినిమా చూసిన విత్తోరియో ముస్సోలీని ఇది ఇటలీ కాదంటూ లేచి వెళ్ళిపోయాడని చెబుతారు. సినిమా ఆడిన థియేటర్‌ను ఒకచోట మతాధికారి వచ్చి పవిత్రజలంతో శుద్ధి చేశాడనీ చెబుతారు. అసలు నెగటివ్ నాశనమైపోయింది. విస్కోంతి దాచుకున్న నకలు ఉండబట్టి ఈ రోజు మనం ఈ సినిమా గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

ఇక సినిమాలోకి వద్దాం.

లారీ అద్దంలోంచి రోడ్డు. ఎడతెగని రోడ్డు. లారీ ఒక హోటలు ముందు ఆగుతుంది. వెనక నిద్రపోతున్న కుర్రాణ్ణి లేపి దించేస్తారు. అతను గీనో. మాస్సిమో జిరోట్టి ఆ పాత్ర వేశాడు. అతను లోపలికి నడుస్తుంటే కెమెరా వీపు వెనకాలే వెళ్తుంది, మొహం చూపించదు. లోపల ఎవరో స్త్రీ పాడుకుంటోంది. అతను వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఆమె బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ ఉంది. ఆమె పేరు జొవాన్నా, నటి క్లారా కలమాయ్. ఆమె తలెత్తి చూసినప్పుడు, ఆమె చూపుతో పాటే, మనం గీనో మొహాన్ని మొదటిసారి చూస్తాం. అందాన్ని చూసేది మగవాడు, చూడబడేది ఆడది అన్నది అప్పటిదాకా సినిమాల్లో నడిచిన రివాజు. విస్కోంతి దాన్ని ఒక్క షాట్‌తో తిరగేశాడు. ఇక్కడ కోరుకునేది ఆమె. సినిమా మొత్తానికి ఇరుసు ఆ చూపే.

ఆమె భర్త బ్రగానా లావుపాటి మనిషి, వయసు మళ్ళినవాడు, మాటకారి. చెడ్డవాడు కాడు. ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది విమర్శకులు అతన్ని మొరటువాడని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. బ్రగానా గీనోకి తిండి పెడతాడు, పని ఇస్తాడు, పక్కన కూర్చోబెట్టుకుంటాడు. వెర్ది సంగీతమంటే చెవి కోసుకుంటాడు. అంకోనాలో పాటల పోటీకి వెళ్ళి ‘లా త్రావియాతా’లోని తండ్రి పాట పాడి చప్పట్లు కొట్టించుకుంటాడు. అతన్ని చంపబోయే ఇద్దరూ ఆ జనంలోనే ఉన్నారు. అతను అంత ఆనందంగా పాడుతుంటే చూడటం మనకు కష్టంగా ఉంటుంది. చచ్చేవాడి మీద జాలి కలిగించిన నోయిర్ సినిమాలు అరుదు.

మరి జొవాన్నా అతన్ని ఎందుకు చేసుకుంది? గతిలేక. భోజనం పెట్టించే మగవాళ్ళ దయ మీద బతికిన రోజులున్నాయని ఆమె మాటల్లోనే మనకు తెలుస్తుంది. బ్రగానా ఇచ్చినది ఒక ఇల్లు, ఒక పొయ్యి. మోహం వచ్చాక ఆమె గీనోతో వెళ్ళిపోవాలనే బయలుదేరుతుంది. ఇద్దరూ ఎండలో రోడ్డెక్కుతారు. కొంతదూరం నడిచాక ఆమె ఆగిపోతుంది. మడమల చెప్పులతో ఆ దుమ్ములో నడవలేక కాదు, ఆ నడక ఎటు పోతుందో ఆమెకు ముందే తెలుసు గనక. మళ్ళీ ఆ మగవాళ్ళు, మళ్ళీ ఆ భోజనాలు. గీనోకి రోడ్డంటే స్వేచ్ఛ, ఆమెకు అదే రోడ్డు ఆకలి. ఆమె వెనక్కి తిరుగుతుంది, అతను ముందుకు పోతాడు. ఈ కథలో హత్య నిజానికి అక్కడే మొదలైంది. ప్రేమికుడూ కావాలి, పొయ్యీ కావాలి అంటే మధ్యలో ఉన్న మనిషి పోవాలి.

ఇటాలియన్ నోయిర్ గురించి నేను చెప్పదలుచుకున్న మాట ఇదే. హత్య ఎవరు చేశారో మొదటినుంచీ మనకు తెలుసు. మోహం ఎందుకు హత్యదాకా పోయిందన్నదే ముడి. ఆ ముడి విప్పుకుంటూ పోతే అడుగున తిండి, నీడ, ఇల్లు, కూలి కనిపిస్తాయి.

హత్యను విస్కోంతి చూపించనే లేదు. అంకోనా నుంచి తిరిగొస్తున్న రాత్రి, బాగా తాగి ఉన్న బ్రగానాతో పాటు ముగ్గురూ బండిలో ఉన్నారు. మరుక్షణం బోల్తాపడిన బండి, పోలీసులు, ప్రశ్నలు. మధ్యలోని ఘట్టం లేదు. చేతులు చేసిన పనిని మింగేసి, ఆ తర్వాతి రోజుల బరువును మాత్రం నిమిషం నిమిషం మన మీద పెడతాడు. అందులో ఒక దృశ్యం నేను ఎన్నటికీ మరువలేను. హోటలు బాగా నడిచిన రోజు ముగిసింది, జనం వెళ్ళిపోయారు. జొవాన్నా వంటింట్లోకి వస్తుంది. బల్ల నిండా ఎంగిలి పళ్ళేలు, ఖాళీ సీసాలు. ఆమె ఒక గిన్నెలో ఇంత వడ్డించుకుని, ఆ ఎంగిలి గిన్నెల మధ్యే కూర్చుని, పేపరు ముందు పెట్టుకుని నాలుగు చెంచాలు తింటుంది. తింటూ తింటూ అలాగే నిద్రలోకి ఒరిగిపోతుంది. కథ ముందుకు కదలడానికి ఈ దృశ్యంతో ఏమీ పనిలేదు. హాలీవుడ్‌లో అయితే ఎడిటర్ మొదట కత్తిరించేది దీన్నే. ఒక మనిషి ప్రాణం తీసి సంపాదించుకున్న ఇంట్లో ఆమెకు దక్కిందేమిటో దీన్ని మించి ఎవరూ చూపించలేదు. కలమాయ్ అప్పటికే తళుకుబెళుకుల తార. ఆ మొహంలో అంత అలసట పట్టుకోవడానికి నటికీ దర్శకుడికీ ఎంత తెగువ కావాలో ఆలోచించండి. ముప్పై ఏళ్ళ తర్వాత, 1975లో, దారియో ఆర్జెంతో తన ‘ప్రొఫోందో రోస్సో’లో ఒకనాటి నటి పాత్రకు ఆమెనే పిలిచాడు. ఆ పాత్ర ఇంటి గోడల మీద కలమాయ్ అసలు సినిమాల నాటి ఫొటోలే తగిలించాడు.

ఒక సంగతి. ‘ఒస్సెస్సియోనే’ రష్‌లు చూసిన ఎడిటర్ మారియో సెరాంద్రెయ్ విస్కోంతికి ఉత్తరం రాస్తూ ఈ తరహా చిత్రణను నియోరియలిజం అన్నాడు. మన దగ్గర ఆ ఉద్యమం పేరు చెబితే అందరికీ ‘బైసికిల్ థీవ్స్’ గుర్తొస్తుంది. 1952లో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసుకూ వచ్చింది. ఆ ఉత్సవంలో ఇటాలియన్ సినిమాలు చూసి కదిలిపోయిన తరం మనది. మద్రాసు అప్పుడు తెలుగు సినిమాకి పుట్టిల్లు. కాబట్టి ఇటలీ అంటే పేదవాడి సినిమా అని మనలో స్థిరపడిపోయింది. అది నిజమే. ఆ పేదవాడి సినిమా కడుపున పడింది ఒక హత్యకథలో అన్న సంగతి మాత్రం మనకు ఆలస్యంగా తెలిసింది. మాస్టారు దీన్ని గట్టిగా పట్టుకుని వాదించేవారు. నియోరియలిజాన్నీ నోయిర్‌నీ వేరు గదుల్లో పెట్టి పాఠం చెబితే రెండూ అర్థం కావని ఆయన అభిప్రాయం. నాదీ అదే.

విస్కోంతి పని చేసిన ఆ పో నది ప్రాంతంలోనే 1943లో ఫెరారా ఊరి కుర్రాడు ఒకడు నది మనుషుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నాడు. పేరు మైకెలాంజెలో ఆంటొనియోని. ఆయన మొదటి కథాచిత్రం ‘క్రోనకా ది ఉన్ అమోరె’ 1950లో వచ్చింది. హీరో మళ్ళీ జిరోట్టియే. దుమ్ము చొక్కా పోయి నలిగిన కోటు వచ్చింది, అంతే. ప్రేయసి పావొలా పాత్రలో లూచియా బోసె. 1947లో మిస్ ఇటలీ అయిన ఆ అమ్మాయికి అప్పటికి 19 ఏళ్ళు. మిలన్ కోటీశ్వరుడి భార్యగా బొచ్చు కోట్లలో, వింత టోపీల్లో, చలికాలపు బూడిదరంగు వీధుల్లో తిరుగుతుంది.

ఈ కథ కట్టుబడి చూడండి. పావొలా భర్తకు పెళ్ళయి ఏడేళ్ళయ్యాక హఠాత్తుగా భార్య గతం మీద అనుమానం పుడుతుంది. డిటెక్టివ్ ఏజెన్సీకి ఆమె ఫొటోలు ఇస్తాడు. డిటెక్టివ్ ఫెరారా వెళ్ళి ఆమె చదువుకునే రోజుల గురించి వాకబు చేస్తాడు. ఎవరో వాకబు చేస్తున్నారని తెలిసి పాత స్నేహితురాలు, పావొలా ఒకప్పటి ప్రేమికుడు గీదోకి కబురు పెడుతుంది. గీదో మిలన్ వస్తాడు. ఏడేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరూ మళ్ళీ కలుస్తారు. చల్లారిన నిప్పును డిటెక్టివే ఊది రాజేశాడు. ఆ దర్యాప్తు లేకపోతే ఆ ప్రేమ లేదు, ఆ తర్వాతి చావూ లేదు. రహస్యాన్ని వెతకబోయినవాడే రహస్యాన్ని పుట్టించాడు. డిటెక్టివ్ కథను ఇంత శుభ్రంగా తలకిందులు చేసిన మరో సినిమా నాకు తెలియదు.

ఏడేళ్ళ కిందట ఏం జరిగింది? గీదో పెళ్ళాడవలసిన అమ్మాయి లిఫ్టు గోతిలో పడి చనిపోయింది. లిఫ్టు అక్కడ లేదని పావొలా, గీదో ఇద్దరూ చూశారు. ఇద్దరూ నోరెత్తలేదు. ఎవరూ తోయలేదు, ఎవరూ ఆపలేదు. చట్టంలో దీనికి శిక్ష లేదు. ఒక సన్నివేశంలో వీళ్ళిద్దరూ ఒక భవనం మెట్ల మీద ఆ సంగతే తవ్వుకుంటూ దెబ్బలాడుకుంటారు. ఆ మెట్లు లిఫ్టు బోను చుట్టూ తిరుగుతూ ఉంటాయి. వాళ్ళ మాటల మధ్య లిఫ్టు కదలడం మొదలుపెడుతుంది. ఇద్దరి చూపూ దాని మీదికి పోతుంది. సంగీతంతో పని లేకుండానే మన ఒంట్లో వణుకు పుడుతుంది.

రెండో చావుకు పథకం వంతెన మీద వేస్తారు. ఊరి బయట, కాలవ మీద చిన్న వంతెన. భర్త కారు రాత్రి ఈ దారినే వస్తుంది, ఇక్కడే నెమ్మదిస్తుంది. ఆంటొనియోని ఈ సంభాషణను కట్ లేకుండా ఒకే షాట్‌గా తీశాడు. కెమెరా వాళ్ళ చుట్టూ తిరుగుతుంది. వాళ్ళు నడుస్తారు, ఆగుతారు, ఒకరికొకరు వీపు చూపించుకుంటారు, మళ్ళీ దగ్గరికొస్తారు. చుట్టూ చదునైన ఖాళీ నేల. ఒక్కసారి కూడా ఆ ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా కుదురుగా నిలవవు. చంపే మాట ఎవరు ముందు అన్నారు, ఎవరు ఒప్పించారు, ఎవరు లొంగారు అన్నది ఆ కదలికల్లో చదువుకోవాలి. నాకు తోచినంతవరకు, ఆ షాట్ ముగిసేసరికి వాళ్ళ మధ్య ప్రేమ అయిపోయింది. మిగిలింది పని.

ఆ పనీ వాళ్ళ చేతుల మీదుగా జరగలేదు. ఆ రాత్రి డిటెక్టివ్ నివేదిక భర్త చేతికి అందుతుంది. అతను కారును విపరీతమైన వేగంతో తోలుతాడు. పిస్తోలు పట్టుకుని వంతెన దగ్గర కాచుకున్న గీదో దాకా ఆ కారు రాదు. ప్రమాదమా, ఆత్మహత్యా, సినిమా తేల్చదు. కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది, చేయి మాత్రం వాళ్ళది కాదు. అయినా ఆ రాత్రే గీదో టాక్సీ ఎక్కి స్టేషనుకు వెళ్ళిపోతాడు. చంపినవాళ్ళు కలిసి బతకలేకపోవడం ‘ఒస్సెస్సియోనే’లో చూశాం. ఇక్కడ చంపాలని కేవలం కోరుకున్నవాళ్ళు కూడా కలిసి బతకలేకపోయారు. జొవాన్నీ ఫుస్కో ఈ సినిమాకు శాక్సఫోన్, పియానో మాత్రమే వాడి సంగీతం కట్టాడు. ఆ రెండూ కూడా కలిసినట్టే కలిసి విడిపోతుంటాయి.

పావొలా పేదరికాన్ని భరించలేదు. ఆ మాట ఆమె దాచుకోదు. గీదో జేబులో డబ్బు లేదు. మళ్ళీ అదే ముడి: ప్రేమికుడూ కావాలి, ఇల్లూ కావాలి. జొవాన్నాకి పూటకూళ్ళ హోటలు, పావొలాకి మిలన్ మేడ. మధ్యలో ఏడేళ్ళు గడిచాయి, ఒక యుద్ధం ముగిసింది, ముస్సోలీని పోయాడు. ఆ ముడి మాత్రం విడలేదు.

దె సాంతిస్ తీసిన ‘రీసో అమారో’ గురించి కొంచెం తక్కువ చెప్పి ముందుకెళ్తాను. 1949 నాటి ఈ సినిమా వెర్చెల్లి వరి పొలాల్లో నడుస్తుంది. మునుము పట్టి, మోకాలిలోతు నీళ్ళలో వంగి నాట్లు వేసే ఆడవాళ్ళు మనకు చెప్పి తెలియాల్సినవాళ్ళు కారు. పనిలో మాట్లాడకూడదని మేస్త్రీలు కట్టడి చేస్తే, ఆ స్త్రీలు మాటల్ని పాటగా కట్టి ఒకరికొకరు అందించుకుంటారు. కృష్ణా గోదావరి డెల్టాల్లో పెరిగినవాళ్ళకి ఈ దృశ్యం చూస్తే గొంతు పట్టుకుపోతుంది. కూలిలో భాగంగా వాళ్ళకి రోజుకో కిలో బియ్యం. ఆ పొలంలోకి నగ దొంగిలించిన ఒక జంట వచ్చి దాక్కుంటుంది. సిల్వానా అనే కూలి పిల్ల ఆ నగ మీద, ఆ దొంగ మీద మనసు పారేసుకుంటుంది. సిల్వానా మంగానో ఆ పాత్రతో ప్రపంచమంతా తెలిసింది. పొలంలో ఆమె నిలబడిన పోస్టరు చూసి సినిమాకు వెళ్ళినవాళ్ళు ఎందరో. దె సాంతిస్ ఆ ఆకర్షణను అమ్ముకున్నాడని కమ్యూనిస్టు మిత్రులే ఆయన్ని తిట్టారు. ఆ విమర్శలో కొంత న్యాయం ఉంది. కథ నడక మాత్రం నిక్కచ్చిగా ఉంటుంది. చివరికి ఆ నగ నకిలీదని తేలుతుంది. దొంగ గురి బియ్యం మీదికి మళ్ళుతుంది. అంటే తోటి ఆడవాళ్ళ నడుములు విరిగిన కూలి మీదికి. అతని మాట నమ్మి సిల్వానా పొలాల్లోకి నీళ్ళు వదిలేస్తుంది. నిజం తెలిశాక బురుజు మీంచి దూకేస్తుంది. వెళ్ళిపోతూ ఆ కూలి స్త్రీలు ఒక్కొక్కరే తమ బియ్యంలోంచి ఒక గుప్పెడు ఆమె శవం మీద చల్లుతారు. ద్రోహం చేసిన పిల్లకు ఆ గుప్పెడు బియ్యం క్షమో వీడ్కోలో ఎవరికి వారే తేల్చుకోవాలి.

చివరగా పియెత్రో జెర్మి. 1959లో ఆయన తీసిన ‘ఉన్ మలెదెత్తో ఇంబ్రోల్యో’కి ఆధారం, రెండేళ్ళ ముందు పుస్తకంగా వచ్చిన కార్లో ఎమీలియో గద్దా నవల. నవల 1927 నాటి ఫాసిస్టు రోమ్‌లో జరుగుతుంది, హంతకుడెవరో తేల్చకుండానే ఆగిపోతుంది. జెర్మి కథను తన కాలానికి తెచ్చాడు, హంతకుణ్ణి పట్టించాడు. గద్దా అభిమానులకు ఇది నచ్చలేదు. జెర్మి చేసింది సరైన పనేనని నేను అనుకుంటాను. ఎందుకో చెబుతాను.

పోలీసు అధికారి ఇన్‌గ్రవాల్లోగా జెర్మియే నటించాడు. టోపీ, నల్ల కళ్ళద్దాలు, ముక్తసరి మాట. లిలియానా అనే సంపన్న గృహిణి తన ఫ్లాట్‌లో కత్తిపోట్లతో చనిపోయి ఉంటుంది. ఇన్‌గ్రవాల్లో ఒక్కొక్కణ్ణీ పిలిచి అడుగుతూ పోతుంటే ఆ మర్యాదస్థుల లోగుట్టు బయటపడుతూ ఉంటుంది. భర్తకు పనిపిల్లతో సంబంధం. దగ్గరి బంధువుకి ఆమె డబ్బు మీద కన్ను. అందరూ అబద్ధాలాడినవాళ్ళే, అందరికీ దాచుకోవాల్సింది ఉంది. ప్రేక్షకుడు ఆ ఫ్లాట్‌లోనే హంతకుణ్ణి వెతుకుతాడు. తీరా చూస్తే ఆ హత్య చేసింది, ఆ ఇంట్లో పనిచేసిన అసుంతీనా భర్త దియొమెదె. దొంగతనానికి వెళ్ళి, దొరికిపోయి చంపాడు. పగలేదు, మోహం లేదు. ఉన్నదల్లా పేదరికం, భయం. పోలీసు కారు అతన్ని ఎక్కించుకుని బయలుదేరితే, క్లాదియా కార్దినాలే వేసిన అసుంతీనా ఆ కారు వెంట పరుగెడుతుంది. ఆ సినిమా కోసం కార్లో రుస్తికెల్లి కట్టిన పాట ఇటలీలో ఇప్పటికీ పాడుకుంటారు.

నవలలోలాగా హంతకుణ్ణి తేల్చకుండా వదిలేసి ఉంటే, ఆ ఫ్లాట్ మనుషుల మీద మన అనుమానం అలాగే నిలిచి ఉండేది, మనకు అదొక తృప్తి. జెర్మి ఆ తృప్తి ఇవ్వలేదు. భార్య చావుకు ముందూ తర్వాతా అబద్ధాలాడిన భర్త ఇంటికి వెళ్ళాడు, డబ్బు కోసం నాటకమాడిన బంధువూ ఇంటికి వెళ్ళాడు. జైలుకు వెళ్ళింది పల్లె నుంచి వచ్చిన కుర్రాడొక్కడే. ఇన్‌గ్రవాల్లో తన ఉద్యోగం తాను సక్రమంగా చేశాడు, అతని దర్యాప్తులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కారులో కూర్చున్న ఆ మొహం చూస్తే, తప్పు లేకపోవడమే అతన్ని బాధపెడుతోందని నాకు అనిపిస్తుంది.